అచ్చులో లేని సీతారావమ్మ

దయ్యాలంటే భయం లేదని గొప్పలు చెప్పుకోను. అసలు ఆ ఊసే నాకు పట్టదు. నిజామాబాద్‌లో ఇంటర్ పిల్లలకు ఇరవై రెండేళ్ళుగా చరిత్ర పాఠం చెబుతున్నాను. క్లాసులో ఎవరైనా "మేడం, ఖిల్లా గుట్ట మీద తెల్లచీర ఆమె తిరుగుతదట" అంటే మూడు ప్రశ్నలు వేస్తాను. ఎవరు చూశారు? ఎప్పుడు చూశారు? ఎక్కడ రాసిపెట్టారు? మూడో ప్రశ్నకి క్లాసంతా నవ్వేస్తుంది. అక్కడితో ఆ తెల్లచీర ఆమె పని అయిపోతుంది.

పెళ్ళయిన కొత్తలో మేము అద్దెకు దిగిన ఇంటిని అంతకుముందు మూడు కుటుంబాలు భయపడి ఖాళీ చేసి పోయాయి. మేము ఆ ఇంట్లో తొమ్మిదేళ్ళు ఉన్నాం. నా మొదటి రెండు నవలలూ అక్కడే రాశాను. పాల గిన్నె కోసం వచ్చే ఒక పిల్లి తప్ప ఏదీ రాలేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, కిందటి డిసెంబర్‌లో జరిగింది చదివాక "ఈమెకు ముందునుంచే ఇలాంటి నమ్మకాలు ఉన్నాయి" అని ఎవరూ అనుకోకూడదు.

నేను చారిత్రక నవలలు రాస్తాను. కల్పన రాసినా ఆధారం లేకుండా వాక్యం పడదు నాకు. దొరికిన ప్రతి వివరాన్నీ ఒక చీటీ మీద రాసి, అది ఎక్కడిదో కింద రాసి, చెప్పుల డబ్బాల్లో పెట్టుకుంటాను. చెరుకు బండి లాగే ఎద్దులకు ఆ రోజుల్లో గంటలు కట్టేవారా లేదా అన్న ఒక్క ముక్క కోసం రెండు వారాలు ఊళ్ళు తిరిగాను. నా స్నేహితులు దీన్ని జబ్బు అంటారు. కావచ్చు.

మూడో నవలకు నాలుగేళ్ళు పట్టింది. నిజాం కాలం చివర్లో బోధన్ చుట్టుపక్కల చెరుకు నరకడానికి వచ్చి గుడిసెలు వేసుకున్న కూలీల కథ అది. అందులో లచ్చవ్వ అని ఒక నీళ్ళు మోసే మనిషి ఉంటుంది. గుడిసెల్లోకి గత్తర వచ్చి మనుషులు వాంతులు, విరేచనాలతో పిట్టల్లా రాలిపోతుంటే ఆమె ఒక్కతే నీళ్ళు పోస్తూ తిరుగుతుంది. లచ్చవ్వ కల్పితమే. కానీ ఆమె ఎత్తుకున్న బిందెకు సైతం నా డబ్బాలో చీటీ ఉంది.

పుస్తకం చేతికొచ్చింది నవంబర్ ఆఖర్లో. రాస్తున్నన్నాళ్ళూ కుర్చీలోంచి లేవని మనిషిని, రాయడం అయిపోయాక కూర్చోలేను. ఏదో పని మధ్యలో వదిలేసి వచ్చినట్టు ఉంటుంది. పొద్దున నాలుగున్నరకే మెలకువ వస్తుంది, చేయడానికి ఏమీ ఉండదు. హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి డాబా మీదికి. మా ఆయన చూసి చూసి, "పిల్లి పిల్లలను పట్టుకొని తిరిగినట్టు ఆ పుస్తకం పట్టుకొని ఏడేడ తిరుగుతవ్?" అన్నారు.

నా పుస్తకాలు వేసేది శ్రీనివాస్. మా ఊరివాడే. చిన్న ప్రెస్సు ఉంది. నాకు తమ్ముడి లెక్క. అమ్మకాల సంగతి అతను చూసుకుంటాడు, తిరగడం నా వంతు.

"అక్కా, మనకున్నది క్రిస్మస్ దాక్నే. బడులల్ల బహుమతులకు పుస్తకాలు కొనేది గిప్పుడే. ఆనెంక అందరు సంక్రాంతి పతంగులల్ల పడ్తరు, మన దిక్కు సూసెటోడు ఉండడు" అన్నాడు. మూడు వారాలకు కార్యక్రమాలన్నీ ఒక కాగితం మీద రాసి తెచ్చాడు. ఆర్మూర్, మాక్లూర్, నవీపేట్, బోధన్. పొద్దున కాలేజీ, మధ్యాహ్నం నుంచి అతని కారులో పుస్తకాల కట్టలతో పాటు నేను. ప్రతిచోటా ఫోన్‌లో వీడియో తీసి సాయంత్రానికి ముక్కలు చేసి నెట్‌లో పెట్టేవాడు. నా మొహం నేను చూసుకోవడం నాకు ఇష్టం లేదు కాబట్టి ఏ ఒక్కటీ చూడలేదు.

బోధన్ కార్యక్రమం ఒక శనివారం మధ్యాహ్నం. క్రైస్తవ సంస్థ నడిపే బడి అది. అక్కడ తెలుగు చెప్పే టీచరు శైలజ నా రెండో నవల చదివి, పట్టుబట్టి పిలిపించింది. హాల్లో అరవై డెబ్బై మంది ఉంటారు. పెద్ద పిల్లలు, టీచర్లు, కొందరు తల్లిదండ్రులు. స్టేజీ మీద ఒక పక్క క్రిస్మస్‌కి పశువుల పాక కడుతున్నారు. సగం కట్టి ఉంది. గడ్డి, అట్టముక్కల గోడలు, మట్టితో చేసిన గొర్రెలు. నేను దాని పక్కనే నిలబడి మాట్లాడాలి. పక్క గదిలో చిన్నపిల్లలు పాట నేర్చుకుంటున్నారు. ఒకటే చరణం మళ్ళీ మళ్ళీ.

పట్టపగలు. కిటికీల్లోంచి ఎండ పడుతోంది. నాకు జ్వరం లేదు, నిద్ర తక్కువైందేమీ లేదు, అన్నం తినే వెళ్ళాను. ఇవన్నీ తర్వాత నన్ను నేనే వందసార్లు అడిగి తేల్చుకున్న సంగతులు.

నేను చదవడానికి ఎంచుకున్నది గత్తర అధ్యాయం చివరి రెండు పేజీలు. అప్పటికే నిజామాబాద్, ఆర్మూర్ బడుల్లో నాలుగు చోట్ల అదే చదివాను. ఆ అధ్యాయం ఎడమ పేజీ మధ్యలో ముగుస్తుంది. లచ్చవ్వ ఖాళీ బిందె బోర్లించి దాని మీద కూర్చుంటుంది, అంతే. ఆ కింద సగం పేజీ తెల్లగా ఖాళీ.

నాకు గుర్తున్నంతవరకు ఆ చివరి వాక్యం చదివాను, పుస్తకం మూశాను, మంచినీళ్ళు అడిగాను. రెండు గ్లాసులు గడగడా తాగాను. పక్క గదిలో పిల్లల పాట ఆగిపోయి ఉంది. చప్పట్లు కొట్టలేదెవరూ. బాగా కదిలినట్టున్నారు అనుకున్నాను.

మూడో వరుసలోంచి ఒక పెద్దాయన చేతికర్ర పట్టుకుని లేచారు. ఎనభై దాటి ఉంటాయి. తెల్ల పంచె, పైన స్వెట్టరు. శైలజకు మామగారట. పేరు వెంకటరత్నం. బోధన్ దగ్గరే ఒక క్యాంపులో ఉంటారు. కాలువ నీళ్ళొచ్చాక కోస్తా నుంచి వచ్చి భూములు కొనుక్కున్న రైతులు వేసుకున్న ఊళ్ళను మా దగ్గర ఇప్పటికీ క్యాంపులనే అంటారు.

"అమ్మా, ఒక్క సంగతి అడగొచ్చాండీ?"

"అడగండి."

"ఆ సీతారావమ్మ సంగతి తమకెక్కడ దొరికిందండీ? ఏ కాగితంలో ఉంది?"

నా నవలలో సీతారావమ్మ అనే మనిషి లేదు. ఆ మాటే చెప్పాను. లచ్చవ్వ పేరు వినడంలో పొరపాటు పడ్డారేమో అన్నాను, మర్యాదగానే.

హాల్లో జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. శైలజ నా దగ్గరికి వచ్చి చెవిలో, "మేడం, ఇప్పుడే చదివిండ్రు గద" అంది.

పెద్దాయన ఇంకా నిలబడే ఉన్నారు. "ఎడమ చెవి తమ్మె తెగి ఉండేదని చదివారు. ఆ తమ్మె తెంపింది నేనేనండి. చంటిపిల్లాడిగా ఉన్నప్పుడు కమ్మ పట్టుకు లాగేశానంట. మా అమ్మే చూపించి నవ్వేది. ఇది నేను కట్టుకున్నదానికి కూడా చెప్పలేదు."

నాకు ముందు చిరాకే వేసింది, దాచడమెందుకు. ఏదో అయోమయంలో కార్యక్రమం పాడవుతోందనిపించింది. పుస్తకం తెరిచి ఆ పేజీ ఆయన చేతిలో పెట్టాను. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని వేలు పెట్టి ఒక్కో వరుసా చదివారు. అధ్యాయం అయిపోయింది. ఖాళీ కాగితం మీద అరచేత్తో ఒకసారి నిమిరారు. వెనక్కి తిప్పి చూశారు. మళ్ళీ ముందుకి తిప్పారు. పుస్తకం నాకిచ్చి కూర్చున్నారు.

తిరిగి వచ్చేటప్పుడు శ్రీనివాస్ ఎడపల్లి దాటాక ఒక టీ కొట్టు దగ్గర కారు ఆపి, ఫోన్ తీసి నాకిచ్చాడు. "నువ్వే సూడు అక్కా. నేను తీసేటప్పుడే విన్న. కొత్తగ ఏమన్న కలిపినవేమో అనుకున్న."

చూశాను. మూడుసార్లు చూశాను.

అందులో ఉన్నది నేనే. నా ఆకుపచ్చ చీర, నా కళ్ళద్దాలు. లచ్చవ్వ బిందె బోర్లించి కూర్చుంది. నేను పుస్తకం మూయలేదు. తల ఎత్తలేదు. నా కుడిచేతి వేలు ఆ ఖాళీ సగం పేజీ మీద, ఎడమ నుంచి కుడికి, మళ్ళీ కింద వరుసకి, నింపాదిగా కదులుతోంది. వేలి వెంబడే కళ్ళు. నేను చదువుతున్నాను.

ఆ సాయంత్రం ఇంటికి రాగానే, శ్రీనివాస్ నా ఫోన్‌కి పంపిన వీడియోలో ఆ మాటలు మళ్ళీ విని చీటీ మీద రాసుకున్నాను. ఉన్నదున్నట్టు ఇదీ:

"లచ్చవ్వతో పాటు ఇంకో ఆడమనిషి కూడా ఆ గుడిసెల్లో తిరిగేది. కోస్తా నుంచి వచ్చిన రైతుల ఇంటి కోడలు. పేరు సీతారావమ్మ. ఎడమ చెవి తమ్మె తెగి ఉండేది. పొద్దున్నే గంజికుండ నెత్తిన పెట్టుకుని వచ్చేది. నాలుగో నాడు ఆమెకే తగిలింది. ఆమె ఎవరికి గంజి పోసిందో వాళ్ళ చేతుల్లోనే పోయింది. పోయేముందు ఒక్కటే మాట అంది. మా బుల్లోడికి చెప్పండి, నేనెక్కడికీ పోలేదని."

చివరి మాట దగ్గర నా గొంతు మారలేదు. యాస మారింది. నేను పుట్టింది, పెరిగింది నిజామాబాద్‌లోనే. పిల్లవాణ్ణి బుల్లోడు అని నా నోట ఎప్పుడూ అని ఉండను. అచ్చంగా గోదావరి జిల్లాల మనిషి అన్నట్టు ఆ మాట పలికాను.

చీటీ కింద ఎప్పటిలా "ఎక్కడిది" అని రాసే చోట పెన్ను ఆగింది.

మరునాడు డబ్బాలన్నీ హాల్లో బోర్లించాను. నాలుగేళ్ళ చీటీలు, నోటు పుస్తకాలు, కంప్యూటర్‌లో పాత చిత్తుప్రతులు. నవల కోసం ముసలివాళ్ళతో మాట్లాడి రికార్డు చేసుకున్నవి మళ్ళీ మొదటినుంచి విన్నాను. అన్నం తింటూ, బట్టలు మడతపెడుతూ, నడుస్తూ విన్నాను. కూర్చుని వినడం నావల్ల కాలేదు. సీతారావమ్మ ఎక్కడా లేదు. క్యాంపుల వాళ్ళతో నేను మాట్లాడిందే తక్కువ. నా నవల కూలీల గురించి.

నాకు తెలిసిన డాక్టరు ఒకామె ఉంది. ఆమె తేలిగ్గా తీసుకుంది. ఎప్పుడో బస్సులోనో పెళ్ళిలోనో ఎవరో అనుకుంటుంటే చెవిన పడి ఉంటుంది, మనకు గుర్తుండదు, మెదడు దాచుకుని ఏదో ఒకరోజు బయట పెడుతుంది, నాలుగేళ్ళు అదే ధ్యాసలో ఉన్నావు కదా అంది. నాకు ఆ మాట నచ్చింది. రెండు రోజులు దాన్ని పట్టుకుని తిరిగాను. మూడో రోజు శైలజ ఫోన్ చేసింది.

వెంకటరత్నం గారికి ఐదేళ్ళప్పుడు తల్లి ఒక పొద్దున ఇంట్లోంచి వెళ్ళి మళ్ళీ రాలేదు. ఎవరితోనో లేచిపోయిందని క్యాంపంతా చెప్పుకుంది. తండ్రి మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. ఈయన ఆ మాట మోస్తూ పెరిగారు. బళ్ళో అన్నారు, పొలం గట్ల దగ్గర తగువుల్లో అన్నారు. ఆ కారణంగానే రెండు సంబంధాలు తప్పిపోయాయి. తనకు కూతురు పుడితే నాయనమ్మ పేరు పెట్టలేదు. ఇంట్లో ఎవరికీ ఆవిడ పేరే తెలియదు. మామగారి తల్లి పేరు సీతారావమ్మ అని శైలజకు కూడా ఆ రోజు హాల్లోనే తెలిసింది.

"మేడం, మామయ్య మూడు రోజులసంది అన్నం సరిగ తింటలేడు. ఒక్కసారి వచ్చి చెప్పిపోండ్రి. మీకు ఆ సంగతి ఏ రికార్డుల దొరికిందో గది చాలట. ఇంకేం వద్దట."

నేను వస్తానని చెప్పి పెట్టేశాను. ఏం చెబుతానో నాకే తెలియదు.

ఆ సాయంత్రమే శ్రీనివాస్ వచ్చాడు. అతనికి ఇంకో ఆలోచన వచ్చింది. "అక్కా, కోపం చేయకు. గా వీడియో పెడితే పుస్తకం యాడికో పోతది. రాష్ట్రం మొత్తం సూస్తది. మనం ఏం కల్పించి చెప్పుతలేం గద, ఉన్నదే పెడుతున్నం."

నాకు ఒళ్ళు మండింది. ఒక ముసలాయన తల్లిని పెట్టి పుస్తకాలు అమ్ముకుందామా అన్నాను. అతను నొచ్చుకున్నాడు. నిజానికి నా కోపం అతని మీద కాదు. ఆ వీడియో ఉన్నన్నాళ్ళూ నేను మళ్ళీ మళ్ళీ చూస్తూనే ఉంటాను, చూసినకొద్దీ ఆ వేలు నాది కాదనిపిస్తోంది. అది పోతే నేను కూర్చోగలుగుతాను అనుకున్నాను.

"తీసెయ్ సీనూ. నా ముందల్నే తీసెయ్."

అతను తీసేశాడు. ఎక్కడెక్కడ దాచాడో అక్కడల్లా తీసేశాడు, నా ఫోన్‌లోదీ తీసేశాడు. నేను పక్కనే నిలబడి చూశాను.

వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి అన్నాడు, "నేనొక్కటి చెప్త ఇను. పొయ్యి, రికార్డుల ఉన్నదని ఒక్క మాట అను. పెద్దాయన పానం సల్లబడ్తది. నువ్వు రాసేది నవలలే గద అక్కా. ఇంకో కథ అనుకో."

ఆ వారం నవీపేట్ వెళ్ళాం, మాక్లూర్ వెళ్ళాం. రెండు చోట్లా చదివేటప్పుడు శ్రీనివాస్‌ను పక్కన నిలబెట్టి, అతని చేతిలో ఇంకో పుస్తకం పెట్టాను. ఒక్క మాట తేడా వచ్చినా నన్ను తట్టమన్నాను. ఏమీ రాలేదు. అచ్చులో ఉన్నదే నా నోట వచ్చింది. నవ్వాను, సంతకాలు పెట్టాను, కేకు ముక్కలు తిన్నాను. లోపల మాత్రం శ్రీనివాస్ అన్న మాటే గానుగలా తిరుగుతోంది. ఒక్క అబద్ధం. ఒక తేదీ, ఒక ఫైలు నంబరు చెబితే చాలు. ఎలాంటి ఫైలు ఉంటే నమ్మేలా ఉంటుందో నాకన్నా బాగా ఎవరికి తెలుసు? ఒక రాత్రి మనసులో ఆ ఫైలుకు పేరు కూడా పెట్టేశాను. పెట్టాక నామీద నాకే అసహ్యం వేసింది.

క్రిస్మస్‌కి రెండు రోజుల ముందు, పొద్దున పదకొండు గంటలకు క్యాంపుకు వెళ్ళాను. శ్రీనివాస్ కూడా వచ్చాడు. వరండాలో ఎండలో వెంకటరత్నం గారు కూర్చుని ఉన్నారు. గడ్డం గీయించుకుని ఇస్త్రీ పంచె కట్టుకున్నారు. పక్కన నులక మంచం మీద తొంభై దాటిన ఒక ముసలావిడ. ఆయన పెదనాన్న కూతురు పున్నమ్మ. పక్క వీధిలో మనవడి ఇంట్లో ఉంటారట. ఆ రోజుల్లో ఉన్నవాళ్ళలో ఇంకా మిగిలిన మనిషి ఆవిడ ఒక్కతే కాబట్టి, నేను చెప్పేది ఆవిడ కూడా వినాలని ఈయనే పిలిపించారు.

శైలజ కాఫీ ఇచ్చింది. గ్లాసు పట్టుకున్నాను, తాగలేదు.

"చెప్పండమ్మా. ఏ కాగితం అది?" అన్నారాయన.

నేను దారి పొడుగునా రెండు రకాల మాటలూ సిద్ధం చేసుకున్నాను. ఆయన మొహం చూశాక అబద్ధం నోట రాలేదు.

"కాగితం లేదండీ" అన్నాను. "నా దగ్గర ఏ ఆధారమూ లేదు. ఇల్లంతా వెతికాను. ఆ మాటలు నా పుస్తకంలో లేవు, నేను రాయలేదు, ఎవరి దగ్గరా విన్న గుర్తు లేదు. చదివినట్టు కూడా నాకు తెలియదు. ఎలా వచ్చాయో నాకు నిజంగా తెలియదు. మీకు అబద్ధం చెప్పలేను."

ఆయన తల వంచుకున్నారు. శ్రీనివాస్ నావైపు చూడకుండా వీధిలోకి చూస్తున్నాడు. ఎనభై ఏళ్ళ మనిషికి రెండు వారాల కిందట తల్లిని ఇచ్చి, ఇప్పుడు చేతుల్లోంచి లాక్కున్నాను. లేచి వెళ్ళిపోదామనిపించింది.

పున్నమ్మ గారికి చెవుడు. ఏమందో చెప్పమని శైలజను అడిగింది. శైలజ ఆవిడ చెవి దగ్గర వంగి, నేను హాల్లో చదివిందంతా గట్టిగా చెప్పింది. గంజికుండ, నాలుగో నాడు, కూలీల చేతుల్లో పోవడం.

ఆవిడ అబద్ధమనలేదు. ఎవరా సీతారావమ్మ అనీ అనలేదు. నావైపు తిరిగి, "నీకెవరు చెప్పారు?" అంది.

"ఎవరు చెప్పారు నీకు? తెలిసినోళ్ళందరూ పోయారు. నేను ఏ ఒక్కళ్ళకీ చెప్పలా."

వెంకటరత్నం గారు మెల్లగా తలెత్తారు. "ఏంటక్కా?"

ఆవిడ చీర చెంగు వేళ్ళకు చుట్టుకుంటూ చెప్పింది. ఒకేసారి కాదు, ఆగి ఆగి. అప్పుడు ఆవిడకు పద్నాలుగేళ్ళు. పిన్ని ఎవరు వద్దన్నా వినకుండా కూలీల గుడిసెలకు గంజి తీసుకుపోయేది. ఒకరోజు రాలేదు. చీకటి పడ్డాక గుడిసెల నుంచి ఒక మనిషి వచ్చి దూరంగా నిలబడి సంగతి చెప్పి పోయాడు. ఇంట్లో మగవాళ్ళు బయటికి పొక్కనివ్వలేదు. గత్తర తగిలిన ఇల్లని తెలిస్తే సర్కారు మనుషులొచ్చి పాకలు తగలబెడతారని, క్యాంపంతా ఖాళీ చేయిస్తారని భయం. అప్పుడే వచ్చి కొన్న భూములు.

"పుట్టింటికెళ్ళిందని చెప్పమన్నారు మా నాన్న. అదే చెప్పాం. జనమే ఇంకోటి అనుకున్నారు. మేం కాదనలా. ముందు భయంతో కాదనలా. తరవాత ఏం మొహం పెట్టుకు చెప్తాం రత్నం?"

ఆయన ఏడవలేదు. కోప్పడలేదు కూడా. ఆవిడ చేతి మీద చెయ్యి వేసి, "బుల్లోడా అని పిలిచేది కదక్కా నన్ను?" అని మాత్రం అడిగారు.

"ఆఁ. పిన్ని ఒక్కతే అట్టా పిలిచేది."

ఎక్కడ పెట్టారో ఆవిడకు తెలియదు. గుడిసెలు ఉన్నచోట ఇప్పుడు సోయా వేస్తున్నారట, ఒక పక్క ప్లాట్లు పడ్డాయట.

కాసేపటికి ఆయన నన్ను అడిగారు, ఆ మాటలు ఒక్కసారి చదవమని. నేను బ్యాగులోంచి చీటీ తీసి చదివాను. చివరి వాక్యం దగ్గర ఆయన చెయ్యెత్తి ఆపారు.

"అట్టా కాదమ్మా. ఆ రోజు చదివినట్టు చదవండి."

మళ్ళీ చదివాను. బుల్లోడు అన్న మాట నా నోట్లో రాయిలా ఉంది. నిజామాబాద్ ఆడమనిషి కోస్తా మాట పలికినట్టే ఉంది. మూడోసారి ప్రయత్నించాను. ఆయన కళ్ళు మూసుకుని ఎదురుచూస్తున్నారు. నావల్ల కాలేదు.

"వీడియో ఉందంట కదండీ?" అన్నారు.

శ్రీనివాస్ నావైపు చూశాడు. అది చెరిపించింది నేనేనని నేనే చెప్పాను. నా జీవితంలో ఒక చరిత్ర టీచరుగా నేను చేసిన తప్పు ఏదైనా ఉంటే అది ఇదే. ఆయన మాత్రం "పోన్లెండమ్మా, ఒకసారి విన్నాను" అన్నారు.

మేము లేచేటప్పుడు శైలజను లోపలికి పంపి నా నవల తెప్పించారు. ఆ రోజు హాల్లో కొన్న ప్రతి. సంతకం పెట్టమన్నారు. ఎప్పుడూ అడిగే మాటే అడిగాను, ఏ పేరు రాయమంటారని.

"సీతారావమ్మ గారబ్బాయి వెంకటరత్నానికి అని రాయండి."

రాశాను. ఆయన ఆ అక్షరాలు ఆరేదాకా పుస్తకం తెరిచే పట్టుకుని, మమ్మల్ని గేటు దాకా సాగనంపారు. గేటు దగ్గర ఎరువుల బస్తాల ట్రాక్టరుతో ఎవరో వెళ్తుంటే, ఆయనే ఆపి ఆ పేజీ చూపించారు. "మా అమ్మ పేరు" అని చెప్పడం వినిపించింది.

ఇది జరిగి ఏడాది కావస్తోంది. డాక్టరు చెప్పింది ఇంకోసారి ఆలోచించాను. ఎక్కడో విన్నాననే అనుకుందాం. పున్నమ్మ గారు ఎవరికీ చెప్పలేదు. తెగిన తమ్మె సంగతి వెంకటరత్నం గారు ఎవరికీ చెప్పలేదు. ఇద్దరూ చెప్పని రెండు ముక్కలు ఒకచోట కలిసి నా చెవిన ఎలా పడతాయి? చదివిన ఆ ఒక్క నిమిషం నాకెందుకు గుర్తులేదు? ఖాళీ కాగితం మీద నా వేలు దేని వెంట నడిచింది?

ఇప్పటికీ నేను దయ్యాలను నమ్మను. క్లాసులో ఆ మూడు ప్రశ్నలూ అడుగుతూనే ఉన్నాను. కానీ మూడోది అడిగేటప్పుడు మునుపటి ధీమా ఉండటం లేదు. ఆ చీటీ నా బల్ల మీదే ఉంది. ఏ డబ్బాలో వేయాలో తెలియక ఇక్కడిదక్కడ, అక్కడిదిక్కడ మారుస్తున్నాను. "ఎక్కడిది" అన్నచోట ఇంకా ఏమీ రాయలేదు.